టేకు చుక్కాని తీసేసి మెరైన్ ప్లై వేశాక: నాలుగేళ్ల వాడకం

చెన్నై ఉప్పునీళ్లలో, 14 అడుగుల తెరచాప పడవకి ఈ చుక్కాని నాలుగు ఈశాన్య రుతుపవనాలు చూసింది. బ్లేడు, అంటే నీళ్లలోకి దిగే పలక, ఇప్పటికీ వంగలేదు. తంటా అంతా బోల్టు రంధ్రాల దగ్గరే వచ్చింది.

పాతది ఒకే టేకు పలక. చీలికలో ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి బిగిస్తే ఒక్క సీజను ఆగింది, తర్వాత పక్కనే మళ్లీ చీలింది. కర్రలోకి దిగిన ఉప్పు తేమను లాగుతూనే ఉంటుంది, దానికితోడు టేకులో నూనె. అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు.

ప్లై మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. 12, 9 మిల్లీమీటర్ల షీట్లు అతికిస్తే 21. రెండు వైపులా 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాముల) గ్లాస్ ఫైబర్ గుడ్డ రెండేసి పొరలు వేస్తే సుమారు ఇంకో మిల్లీమీటరు. పాత పలక 22, సరిపోయింది. గుడ్డ మందం లెక్కలోకి తీసుకోకపోతే బ్లేడు చెంపల (దాన్ని రెండు పక్కలా పట్టుకునే పలకల) మధ్య ఇరుక్కుని పైకి లేవదు.

చిత్రిక పడుతుంటే ప్లై పొరలు గీతలుగా బయటపడతాయి. గీత వంకర పోయిందంటే అక్కడ ఎక్కువ తీసేసినట్టే. 12, 9 కలిపాం కాబట్టి రెండు వైపుల గీతలూ ఒకేలా రావు, అట్ట అచ్చు పెట్టి సరిచూసుకోవాలి. వెనక అంచు 2 మిల్లీమీటర్లు చదరంగా వదిలేయండి. కత్తిలా చెక్కితే చూడ్డానికి బాగుంటుంది, ఇసుక తగిలిన మొదటిరోజే పెచ్చులూడుతుంది.

ఎపాక్సీ పని సాయంత్రం, ఎండ తగ్గాకే. పొద్దున పూస్తే కర్ర వేడెక్కి లోపలి గాలి బుడగలుగా పైకొస్తుంది. మే నెలలో కప్పులో కలిపింది చూస్తుండగానే పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెంగా, వెడల్పు పళ్లెంలో కలపాలి. తెల్లారి జిడ్డు పొర కనిపిస్తే నీళ్లతో పీచు పెట్టి రుద్దాకే గరుకు కాగితం.

ఇక రంధ్రాలు. మొదట 8 మిల్లీమీటర్ల బోల్టుకి నేరుగా 8 రంధ్రమే వేయడం పొరపాటు. రెండో వానాకాలానికి కింది బోల్టు చుట్టూ ప్లై నల్లబడి ఉబ్బింది. బ్లేడు విప్పి, మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించి, నీడలో ఆరబెట్టి, తూకం తగ్గడం ఆగాక రంధ్రాన్ని 12కి పెంచి, సిలికా పొడి కలిపిన ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో 8 వేస్తే ఆ బెడద పోయింది. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్‌వే. ఇత్తడి ఉప్పునీళ్లలో జింకు పోగొట్టుకుని గుల్లబారుతుంది.

ఎపాక్సీ ఎండకి నిలవదు, ఏటా మార్చిలో పాలీయురేథేన్ పెయింటు ఒక కోటు తప్పదు. రంగు తెలుపైతే మేలు, నలుపు మాత్రం వద్దు.