క్రినిత్సాలో కియెపురా పండగా, బాద్ ఇష్‌ల్‌లో లెహార్ పండగా: ఏది మేలు?

వేసవిలో యూరప్‌లో ఉండి, ఆపెరెట్టా అనే తేలికపాటి సంగీత నాటకం కోసం ఒక్క ఊరికే వెళ్లే వీలుంటే ఎటు వెళ్లాలి? పోలండ్‌లోని క్రినిత్సాకా, ఆస్ట్రియాలోని బాద్ ఇష్‌ల్‌కా? రెండూ కొండల మధ్య ఊళ్లే. ఒంటికి మంచిదని జనం నీళ్ల కోసం వెళ్లే చోట్లే. అయితే ఇష్‌ల్ ఉత్సవం స్వరకర్త ఫ్రాంజ్ లెహార్‌ది, క్రినిత్సాది గాయకుడు యాన్ కియెపురాది. అసలు తేడా అక్కడే ఉంది.

ఇష్‌ల్‌లో ఉత్సవం 1961 నుంచి జరుగుతోంది. సెట్టింగులు, ఆర్కెస్ట్రాతో ఆపెరెట్టా మొత్తం ఆడతారు. మన పద్యనాటకంలో లాగే మాటలూ పాటలూ కలిసి నడుస్తాయి, కాబట్టి కథ ముందే చదువుకుని వెళ్లాలి. జర్మన్ రానివాళ్లకు హాస్యం సగం అందదు. పగలు లెహార్ ఇల్లు చూడొచ్చు. 1948లో ఆయన చనిపోయింది అక్కడే, ఇప్పుడది మ్యూజియం.

కియెపురా సంగతి వేరు. సోస్నోవియెత్స్‌లో రొట్టెల వ్యాపారి కొడుకు. 1926లో వియన్నా ఆపెరాలో పాడి పేరు తెచ్చుకున్నాడు, తర్వాత సినిమాల్లో వెలిగాడు. థియేటర్ టికెట్టు కొనలేనివాళ్ల కోసం కారు పైకెక్కి, హోటల్ బాల్కనీలో నిలబడి పాడేవాడు. నాకు ఆయన మీద అంత ప్రేమ అందుకే. సంపాదించిన డబ్బుతో క్రినిత్సాలో 'పాత్రియా' అనే పెద్ద హోటల్ కట్టించాడు. 1966లో అమెరికాలో కన్నుమూశాడు. మరుసటి ఏడాదే ఆ ఊరు ఆయన పేరిట ఉత్సవం మొదలుపెట్టింది. 1984 నుంచి చాలా ఏళ్లు సంగీత విమర్శకుడు బొగుస్వావ్ కచిన్‌స్కి దాన్ని నడిపి దేశమంతటా పేరు తెచ్చాడు. ఇక్కడ గాలా కచేరీలు, అంటే పాటలను ఏరి పాడే ప్రత్యేక కచేరీలు, ముఖ్యం. ఆపెరా, ఆపెరెట్టా పాటలు ఒకే సాయంత్రం వినొచ్చు. భాష రాకపోయినా గొంతును ఆస్వాదించడానికి అడ్డేమీ ఉండదు.

స్వరకర్త ముందు, గాయకుడు తర్వాత కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. లెహార్ తన చివరి ఆపెరెట్టాల్లో ముఖ్యమైన పాటలను గాయకుడు రిచర్డ్ టౌబర్ గొంతును మనసులో పెట్టుకునే రాశాడు. 1943లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో లెహార్ ఆపెరెట్టా 'మెర్రీ విడో'ను నిలబెట్టింది కియెపురా, ఆయన భార్య మార్తా ఎగ్గెర్ట్. పాడేవాళ్లు లేకపోతే ఆ స్వరాలు కాగితం మీదే ఉండిపోయేవి.

ఆస్ట్రియాలోనే నాయిసీడ్లర్ సరస్సు మీద మోర్బిష్ వేదిక కూడా ఉంది. చాలా పెద్దది, అందమైనది. కానీ ఈ మధ్య అక్కడ మ్యూజికల్స్‌కే (బ్రాడ్‌వే తరహా పాటల నాటకాలకే) పెద్దపీట వేస్తున్నారు, ఆపెరెట్టా కోసం నేను సిఫార్సు చేయను.

ఒక ఆపెరెట్టాను మొదటి నుంచి చివరిదాకా చూడాలనుకుంటే ఇష్‌ల్ మేలు. సాల్జ్‌బర్గ్ నుంచి బస్సులో సులువుగా చేరొచ్చు. మొదటిసారి వినేవాళ్లయితే మాత్రం నా ఓటు క్రినిత్సాకే. క్రాకోవ్ నుంచి కొండదారిలో ప్రయాణం కొంచెం ఎక్కువే, అయినా వెళ్లండి. ఉత్సవం సాధారణంగా ఆగస్టులో ఉంటుంది. ఆ ఏటి కార్యక్రమం చూసుకుని గది ముందే బుక్ చేసుకోండి.