హ్యాండ్‌మేడ్ గిటార్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

కోనసీమ, పాలకొల్లు, నరసాపురం వైపు గిటార్ కొందామనుకుంటున్నవాళ్ళు ఇది చదివాకే అడ్వాన్సు పంపండి. నేను 62,000 రూపాయలు పోగొట్టుకున్నానండి.

పోయినేడాది వానాకాలంలో ఒక చిన్న వర్క్‌షాపుకి ఆర్డరిచ్చాను. టాప్ (ముందు పలక) స్ప్రూస్ కర్ర, బాడీ రోజ్‌వుడ్, ఎక్కడా ప్లై లేదన్నారు. అది నిజమే. సొమ్ము మొత్తం ముందే కట్టించుకున్నారు. సంక్రాంతికి చేతికొచ్చింది. మొదటి ఆదివారం చర్చిలో వాయిస్తే వెనక బెంచీలవాళ్ళు కూడా వచ్చి ఎక్కడ కొన్నావని అడిగారు. అంత కమ్మగా పలికింది.

ఏప్రిల్లో గిటార్ మెడ మీద చెయ్యి జరుపుతుంటే ఫ్రెట్ల (అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) కొసలు గీరుకోవడం మొదలైంది. మే నెల వడగాడ్పులకి వెనక పలక నిలువునా చీలింది. జూలైలో ముసురు పట్టాక టాప్ ఉబ్బిపోయి, బ్రిడ్జి (టాప్ మీద తీగలు బిగించే చెక్కముక్క) వెనక కాగితం దూరేంత సందొచ్చింది. తీగలు పైకి లేచాయి. పన్నెండో ఫ్రెట్ నొక్కితే శ్రుతి తప్పుతోంది.

మా పెదనాన్న వడ్రంగం చేస్తారు. చీలిక మీద వేలు పెట్టి చూసి, "పచ్చికర్రరా ఇది, ఆరకుండానే అతికేశారు" అన్నారు. వానల్లో మన తలుపులు బిగుసుకుని ఎండల్లో వదులైనట్టే గిటార్ చెక్కా అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. కాకపోతే ఆ టాప్ మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, దాన్ని ఆరు తీగలు కలిపి సుమారు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి. అందుకే తెలిసినవాళ్ళు బాగా ఆరిన కర్రనే తీసుకుని, గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండే గదిలో బిగిస్తారు. మంచి ఫ్యాక్టరీలు చేసేదీ అదే. నాది తయారైంది వానల్లో, రేకుల షెడ్డులో. ఫోన్ చేస్తే "మీ ఊరి వాతావరణం అండి, మా తప్పు కాదు" అని పెట్టేశారు. మా ఊరు ఎక్కడో ఆర్డరిచ్చిన రోజే చెప్పాను కదా!

మా తమ్ముడి ఫ్యాక్టరీ గిటార్ 9,500. బాడీ అంతా ప్లై. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి తేమకి అంతగా కదలదు. అదే ఇంట్లో, అదే గోడకి ఆరేళ్ళుగా వేలాడుతోంది. నాదానంత మోత లేదు, కానీ ఇవాళ్టికీ శ్రుతిలో ఉంది.

చేతిపనిని నేను తీసిపారెయ్యడం లేదు. పనసకర్రతో వీణలు చెక్కే నూజివీడు మనకి ఎంతో దూరం కాదు, ఆ పని విలువ నాకు తెలుసు. కానీ "హ్యాండ్‌మేడ్" అన్న మాట ఒక్కటే చూసి డబ్బివ్వకండి. కర్ర ఎన్నేళ్ళు ఆరిందో అడగండి. బిగించే గదిలో తేమ మీటరు ఫొటో పంపమనండి. మెడ వంగకుండా లోపల పెట్టే కడ్డీ, ట్రస్ రాడ్, ఉందో లేదో కనుక్కోండి. చీలితే, బ్రిడ్జి లేస్తే ఎవరు బాగుచేస్తారో కాగితం మీద రాయించుకోండి. సగం సొమ్ము వాయించి చూశాకే ఇవ్వండి. వీటికి విసుక్కునేవాళ్ళ దగ్గర కొనకండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు ఈ రాత్రే బ్రిడ్జి వెనక కాగితం పెట్టి చూడండి. దూరిందంటే తీగలు వదులుచేసి పక్కన పెట్టండి, ఇంక వాయించకండి.