కనెక్టర్ మంచిదే, డాక్యుమెంటేషనే 404

మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల రైతులు మేత, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో), ఏరేటర్ల కరెంటు ఖర్చు రాసుకునే యాప్‌కి ఇంటి నుంచే కోడ్ రాస్తుంటాను. కోడంతా గిట్‌హబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో, కంపెనీ ఖాతా కింద ప్రైవేట్ రిపోల్లో (రిపాజిటరీలు, అంటే ఒక్కో ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) ఉంటుంది. ఏఐ అసిస్టెంట్‌కి ఆ రిపోల్ని చూపించే ఒక ఎంసీపీ కనెక్టర్‌ని (ఎంసీపీ అంటే ఏఐని బయటి సైట్లకీ టూల్స్‌కీ కలిపే ఉమ్మడి పద్ధతి) పది నెలలుగా రోజూ వాడుతున్నాను. పేరు చెప్పను. ఇలాంటివే ఇంకో రెండు చూశాను, వాటి సంగతీ ఇంచుమించు ఇదే.

కుదిరాక మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. "మేత లెక్క ఏ పుల్ రిక్వెస్ట్‌లో మారింది?" అని అడిగితే (పుల్ రిక్వెస్ట్ అంటే ఈ మార్పులు కోడ్‌లో కలపండని పెట్టే అభ్యర్థన), నేను అరగంట వెతికేది టీ చల్లారేలోపు చెప్పేస్తుంది. ఆ కుదరడం దగ్గరే ప్రాణం పోతుంది.

మొదటి రెండు రోజులూ 404తోనే, అంటే "అలాంటిది లేదు" అన్న ఎర్రర్‌తోనే, సరిపోయింది. టోకెన్ (కనెక్టర్ మన తరఫున గిట్‌హబ్‌లోకి వెళ్లడానికి ఇచ్చే తాళంచెవి లాంటిది) గురించి రీడ్‌మీలో, అంటే కనెక్టర్‌తో వచ్చే పరిచయ పేజీలో, ఉన్నది ఒక్క వాక్యం: తగిన అనుమతులతో టోకెన్ చేసుకోండి అని. తగినవంటే ఏవి? కోడ్ చదవడానికి ఒకటి, పుల్ రిక్వెస్టులకి ఒకటి, ఇష్యూలకి ఇంకొకటి, అన్నీ విడివిడిగా ఉంటాయి. తోచినవి టిక్ పెట్టాను. రిపో లేదంది. పేరులో అక్షరం తప్పిందేమోనని పదిసార్లు సరిచూసుకున్నాను. బ్రౌజర్‌లో అదే రిపో నా కళ్లముందు తెరిచి ఉంది.

తర్వాత తెలిసిందేమిటంటే, చూసే హక్కు లేని ప్రైవేట్ రిపో అడిగితే గిట్‌హబ్ "అనుమతి లేదు" అనదు, 404 ఇస్తుంది. అది ఉందన్న సంగతి కూడా బయటికి పొక్కకూడదని అలా పెట్టారు, అందులో తప్పులేదు. ఇక నేను చేసుకున్న కొత్త రకం (ఫైన్-గ్రెయిన్డ్) టోకెన్ ఒక్క యజమానికే పనిచేస్తుంది. నేను యజమానిగా నా పేరు ఎంచుకున్నాను, రిపో కంపెనీది. యజమానిని మార్చి చేస్తే మళ్లీ 404. ఈసారి కంపెనీ ఖాతా అడ్మిన్ ఆమోదించాలట. అప్పటిదాకా ఆ టోకెన్‌కి పబ్లిక్ రిపోలు తప్ప ఏవీ కనబడవు. ఈ మూడు ముక్కలూ రీడ్‌మీలో రాసి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి.

మా వైపు దారి అడిగితే "లాకులు దాటాక ఎడమకి" అంటారు. ఏ లాకులో చెప్పరు, వాళ్లకి తెలుసు కాబట్టి. ఈ డాక్యుమెంటేషన్ రాసినవాళ్లదీ అదే తంతు. "రిపాజిటరీ" అన్న మాట ఒక పేజీలో మన కంప్యూటర్‌లోని ఫోల్డర్, మరో పేజీలో గిట్‌హబ్‌లోని చిరునామా. ఎంసీపీ వచ్చిందే 2024 నవంబర్‌లో కదా, ఇంకా కుదురుకోలేదులే అని మొదట్లో సర్దుకుపోయాను.

సర్దుకోలేనిది ఇంకొకటుంది. ఒకరోజు "ఈ ఫంక్షన్ కౌంట్ తప్పుగా ఎందుకు చూపిస్తోందో చూడు" అన్నాను. చూసి, సరిచేసి, ఏకంగా మెయిన్ బ్రాంచ్‌లోకి, అంటే అందరూ వాడే అసలు కోడ్‌లోకి, కమిట్ చేసేసింది (మార్పుని అందులో భద్రపరిచేసింది). ప్రతిసారీ నా అనుమతి అడగొద్దని నొక్కింది నేనే, ఆ తప్పు నాది. కానీ ఆ పని చేసే కనెక్టర్ టూల్ వివరణలో ఉన్నది "ఫైల్ సృష్టిస్తుంది లేదా మారుస్తుంది" అన్న ముక్క ఒక్కటే. బ్రాంచ్ పేరు ఇవ్వకపోతే డిఫాల్ట్ బ్రాంచ్‌లోకే (మాకది మెయినే) పోతుందని ఎక్కడా లేదు. చదవడానికి మాత్రమే అనుమతించే స్విచ్ ఉంది, అదీ పేజీ అడుగున, లైసెన్స్ గొడవకి కాస్త పైన. నిజానికి అది మొదటి పేరాలో ఉండాలి. సరిదిద్దిన లెక్క కరెక్టే కాబట్టి బతికిపోయాను.

కనెక్టర్‌కి అయిదులో నాలుగు. డాక్యుమెంటేషన్‌కి ఒకటి, అదీ ఇన్‌స్టాల్ కమాండ్ తప్పు లేకుండా ఇచ్చినందుకు. నేను ఇప్పటికీ వాడుతున్నాను, నోట్‌బుక్‌లో సొంతంగా రాసుకున్న రెండు పేజీలు పక్కన పెట్టుకుని.

మొన్న అమలాపురం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, రిపో ఎదురుగా కనబడుతోంది, లేదంటోందేంటి?"

"టోకెన్‌లో యజమాని కింద ఎవర్ని పెట్టావురా?"

"యజమానేంటి? అందులో అలాంటిదేం రాయలేదే!"