పాత స్టాన్లీ రందాకు స్పేర్లు: వాడి చూశాక ఏవి నిలిచాయి

మా నాన్న వాడిన స్టాన్లీ కంపెనీ నంబర్ 4 సైజు ఇనుప రందా (చెక్కను నున్నగా చిత్రిక పట్టే పనిముట్టు) నల్లగొండలో మా షెడ్డులో ఇప్పటికీ రోజూ పని చేస్తోంది. దానికి ఇన్నేళ్లలో మార్చిన సామాను గురించి రాస్తున్నా, ఎందుకంటే స్పేర్లు దొరకవని మంచి మంచి పాత రందాలను తూకానికి అమ్మేస్తుంటే నిజంగా బాధేస్తుంది.

పిడికి ఎక్కడికీ పోనక్కర్లేదు. బాగా ఎండిన నల్ల తుమ్మ ముక్క మీద పాత పిడి పెట్టి గీసుకొని చేసిందే నాకు ఏళ్లుగా నడుస్తోంది, ఎక్కడా పగల్లేదు.

అసలు తిప్పలు ఆ పిడిని బిగించే పొడుగు బోల్టుతోనే. అమెరికా స్టాన్లీలో దాని మందం దాదాపు 5.5 మి.మీ., అంగుళానికి 20 థ్రెడ్లు. 5 మి.మీ. బోల్టు వదులు, 6 మి.మీ.ది దూరదు, ఏ హార్డ్‌వేర్ షాపుకు పోయినా ఇదే కథ. కొందరు రందా దిమ్మలోనే (ఇనుప ఒంట్లోనే) 6 మి.మీ. ట్యాపు కొట్టిస్తారు, అంటే రంధ్రం పెంచి కొత్త థ్రెడ్ కోయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి, రేపు ఒరిజినల్ బోల్టు దొరికినా ఇక పట్టదు. అంగుళాల థ్రెడ్ కోయగలిగే లేత్ మిషన్ ఆయనకు పాత బోల్టు చూపిస్తే అలాంటిదే కోసి ఇస్తాడు. నాది అట్లా చేయించిందే, ఇప్పటికీ గట్టిగా ఉంది.

బ్లేడుకు 2 అంగుళాల వెడల్పు చూసుకుంటే చాలు, నంబర్ 5ది కూడా కూర్చుంటుంది. ఆన్‌లైన్‌లో 3 మి.మీ. మందం బ్లేడు తెప్పించి పెట్టి చూశాను. ఒరిజినల్ దాదాపు 2 మి.మీ.యే కాబట్టి నోరు (అడుగున బ్లేడు బయటికొచ్చే సందు) ఇరుకై పొట్టు ఇరుక్కుంటోంది. అమ్మినాయన నోరు ఆకురాయితో పెంచుకోమన్నాడు కానీ బ్లేడు కోసం రందాను కోసుకోవడం నాకు ఇష్టం లేదు. సన్న బ్లేడే మళ్లీ ఎక్కించా. టేకులో సిలికా ఉంటుంది, ఏ బ్లేడైనా తొందరగా మొద్దుబారేదే, నూరుకోవాల్సిందే.

బ్లేడు పైకీ కిందికీ జరిపే ఇత్తడి నట్టుది రివర్స్ థ్రెడ్, బయట కొత్తది నాకు దొరకలేదు. హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమ్మెరాత్ బజార్‌లో దిమ్మ పగిలిన స్టాన్లీ కనిపిస్తే వదలకండి, నట్టు, స్క్రూలు అన్నీ దాంట్లోంచే వస్తాయి. నంబర్ 3 అయితే బ్లేడు కోసం మాత్రం కొనొద్దు, దాని వెడల్పు తక్కువ.