నెల్లూరులో సిస్టం అసెంబుల్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త: డబ్బు కట్టే ముందు ప్రాసెసర్ వేడి చూసుకోండి

నేను కావలిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేస్తాను. మాఘమాసం ముహూర్తాలకి ముందు నెల్లూరు టౌన్లో ఒక షాపులో 78,000 రూపాయలు పెట్టి కొత్త సిస్టం కట్టించుకున్నాను. ఇంటెల్ ఐ7 12700 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్. ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న ఫ్యాన్ మిక్సింగ్ పనికి చాలదని వాళ్ళే చెప్పి, విడిగా 2,400 తీసుకుని టవర్ కూలర్ (ప్రాసెసర్ వేడిని లాగేసే పెద్ద ఫ్యాన్ సెట్టు) బిగించారు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం ఇది: కూలర్ అడుగున కంపెనీవాళ్ళు అంటించి పంపే ప్లాస్టిక్ పొరని పీకకుండా, దాని మీదే పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించేది) రాసి బిగించేశారు. అది బయటపడటానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ వాళ్ళు తప్పంతా నెల్లూరు ఎండ మీదకి నెట్టారు.

మొదటి వారంలోనే తేడా కనిపించింది. పని మొదలుపెట్టిన రెండు నిమిషాలు బాగానే ఉండేది, తర్వాత మౌస్ కూడా ఆగి ఆగి కదిలేది. రెండున్నర గంటల పెళ్ళి ఫిల్ము మధ్యాహ్నం భోజనం చేసి ఎక్స్‌పోర్ట్‌కి, అంటే పూర్తి వీడియో ఫైలుగా తయారవడానికి, పెడితే దీపాలు పెట్టే వేళకి సగం కూడా అయ్యేది కాదు. నా పాత ఐ5 సిస్టం ఇంతకంటే నయం. కూతురిని కాపురానికి బెంగుళూరు పంపేలోపు పెన్‌డ్రైవ్ చేతికి ఇస్తానని ఒక పెద్దాయనకి మాట ఇచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను. ఆయన ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయారు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

కావలి నుంచి నెల్లూరు యాభై కిలోమీటర్లు. క్యాబినెట్‌ని దుప్పట్లో చుట్టి మూడుసార్లు తీసుకుపోయాను. మొదటిసారి విండోస్ మళ్ళీ ఎక్కించి 500 తీసుకున్నారు. రెండోసారి ర్యామ్ మార్చి, తేడా కింద 1,800. మూడోసారి "ప్రాసెసరే పోయినట్టుందన్నా, కొత్తది ఏసుకుంటే మేలు, వారంటీకి పంపితే నెల పడతాది" అన్నారు. ప్రతిసారీ ఒకటే తంతు. పక్క తలుపు ఊడదీసి, ఏసీ కింద బల్ల మీద పెట్టి, ఆన్ చేసి, స్క్రీన్ మీద ప్రాసెసర్ వేడి అంకె చూపించేవాళ్ళు: "చూడన్నా, 51. నార్మలే కదా. మీ రూములో ఏసీ లేదు, నెల్లూరు ఎండకి ఎవురి సిస్టమైనా అంతే." పైగా క్యాబినెట్ మీద వాళ్ళ స్టిక్కర్ వేసి, అది చిరిగితే గ్యారంటీ ఉండదన్నారు. అందుకే నేను విప్పి చూసే ధైర్యం చేయలేదు.

ఆ 51 అనే అంకె ఎందుకు పనికిరాదో చెప్తాను, ఎందుకంటే మిమ్మల్నీ ఇలాగే నమ్మిస్తారు. అది ఖాళీగా ఉన్నప్పటి వేడి. ప్రాసెసర్‌కి పని చెప్పకుండా చూస్తే కూలర్ సరిగ్గా ఆనిందో లేదో తెలియదు. రెండో సంగతి, గది వేడి తెలియకుండా ప్రాసెసర్ వేడికి అర్థం లేదు. గాలితో చల్లబరిచే సిస్టంలో గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్నే పెరుగుతుంది. 24 డిగ్రీల ఏసీ గదిలో ఖాళీగా 51 అంటే గది కంటే 27 ఎక్కువ. పనేమీ లేని కొత్త సిస్టం, టవర్ కూలర్, తలుపు తెరిచి ఉంది, అయినా 27 తేడా! అది వాళ్ళ బల్ల మీదే కనిపిస్తున్న జబ్బు. నాకు అప్పుడు చదవడం రాలేదు.

రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండల్లో, మా వీధిలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కుర్రాడు ఒకరోజు నా గదికి వచ్చి "అన్నా, టెంపరేచర్ ఎప్పుడైనా నువ్వే చూసుకున్నావా?" అని అడిగాడు. టాస్క్ మేనేజర్లో లేదు కదా అన్నాను. అందులో గ్రాఫిక్ కార్డు వేడి కనిపిస్తుంది గానీ ప్రాసెసర్ వేడి చూపించదు. అతను హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ దించాడు, ఉచితమే. తెరిచేటప్పుడు సెన్సార్లు మాత్రమే అన్న గడికి టిక్కు పెట్టాలి. పెద్ద చిట్టా వస్తుంది. అందులో చూడాల్సింది సీపీయూ ప్యాకేజ్ అన్న వరస, సీపీయూ అంటే ప్రాసెసరే. దాని ఎదురుగా ఇప్పటి వేడి, ఇప్పటిదాకా అతి తక్కువ, అతి ఎక్కువ, సగటు, ఇలా నాలుగు గడులు ఉంటాయి. కింద బోర్డు సెన్సార్లలో ఆక్స్‌టిన్ అనే పేరుతో 100 దాటిన అంకె కనబడి నేను కంగారుపడ్డాను. దానికి వైరే తగిలించి ఉండదట, ఉత్త చెత్త అంకె. మీకూ అలాంటిది కనిపిస్తే వదిలేయండి.

గదిలో గోడ థర్మామీటరు 36 చూపిస్తోంది. ఖాళీగా ప్యాకేజ్ 64. తర్వాత సినీబెంచ్ పెట్టాడు, అది పది నిమిషాలు ఆపకుండా ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకీ (లోపల విడివిడిగా పనిచేసే భాగాలకి) పని చెప్తుంది. అర నిమిషం కూడా కాకముందే 100. ఆ తర్వాత పది నిమిషాలూ 100 మీదే నిలిచిపోయింది, 101 కూడా కాలేదు. "చూశావా, కదలడం లేదు, అసలు విషయం ఇక్కడుంది" అన్నాడు. ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ పెట్టిన హద్దు 100. హద్దు దగ్గరికి రాగానే అది తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అందుకే వేడి అంకె ఒక్కదాన్నే చూస్తే చాలదు, పక్కనే గడియార వేగం, అంటే ప్రాసెసర్ పనిచేసే వేగం, కూడా చూడాలి. నా దాంట్లో 4.5 గిగాహెర్ట్‌జ్ దగ్గర మొదలై 1.8కి పడిపోయింది. నాలుగు నెలలుగా నేను డబ్బు పెట్టి కొన్న వేగంలో సగం కూడా వాడుకోలేదు.

ఎండ వల్లేనా అని అప్పటికీ నాకు అనుమానం తీరలేదు. ఆ రాత్రి సిస్టంని మా పడకగదిలోకి మోసుకుపోయి, ఏసీ 24లో పెట్టి, గంట ఆగి మళ్ళీ అదే పరీక్ష పెట్టాను. నిమిషం తిరగకుండా మళ్ళీ 100. గది 12 డిగ్రీలు చల్లబడినా ఫలితం మారలేదంటే వేడి ప్రాసెసర్ దగ్గరే ఇరుక్కుపోయిందన్నమాట, కూలర్‌కి చేరడం లేదు. నెల్లూరు ఎండ చేయగలిగింది మహా అయితే ఆ 12 డిగ్రీలు కలపడమే.

తెల్లారి స్టిక్కర్ చింపేశాం. కూలర్ ఎత్తగానే అడుగున మెరుస్తున్న పొర, దాని మీద బిగించే ముందు తీసేయమని ఎర్ర అక్షరాలు. వాటి మీదే తెల్లగా పేస్టు. రాగి వేడిని మోసే శక్తి 400 అనుకుంటే మామూలు ప్లాస్టిక్‌ది ఒకటిలో అయిదో వంతు. పొర ఎంత పల్చనైనా సరే, పొయ్యికీ పెనానికీ మధ్య చెక్క పెట్టి అట్టు పోసినట్టే. పొర పీకి, రెండు వైపులా తుడిచి, బఠాణీ గింజంత పేస్టు పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాడు. గది 34 ఉన్నప్పుడు ఖాళీగా 41. పది నిమిషాల పరీక్షలో 82, వేగం 4.3 దగ్గర నిలకడగా ఉంది. పెళ్ళి ఫిల్ము గంటన్నరలో బయటికొచ్చింది. పోయిందన్న ప్రాసెసర్ ఇది!

షాపుకి ఫోన్ చేస్తే "ఆ రోజు బిగించినోడు కొత్త కుర్రోడన్నా" అన్నారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నేను దాన్ని పట్టుకుని లాగడం లేదు. మూడుసార్లు ఎదుట పెట్టినా ఒక్కసారీ కూలర్ ఎత్తి చూడకపోవడం, అవసరం లేని ర్యామ్ మార్చడం, బాగున్న ప్రాసెసర్ పోయిందని కొత్తది అమ్మజూడటం, ఇవి పొరపాట్లు కావు. నా 2,300 వెనక్కి ఇమ్మంటే స్టిక్కర్ చింపావుగా అన్నారు. నాకిచ్చింది జీఎస్టీ బిల్లు కూడా కాదు, ఎస్టిమేట్ అని రాసిన చీటీ. అదీ, ఫోన్‌పే రసీదులూ, ఆ ప్లాస్టిక్ పొర ఫొటోలూ పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. తేలకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను. 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు. మీరు మాత్రం పక్కా బిల్లు లేకుండా అడుగు బయట పెట్టకండి.

ఇది చదివి అందరూ 90 కనబడగానే బెదిరిపోవద్దు కూడా. పల్చటి ల్యాప్‌టాప్‌లలో బరువైన పని మీద కొద్దిసేపు 90 దాటడం మామూలే. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరస ప్రాసెసర్లలో 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివి పూర్తి పని మీద 95 దగ్గర నడిచేలాగే తయారుచేశారు. మీ ప్రాసెసర్ హద్దు ఎంతో తయారుచేసిన కంపెనీ సైటులో ఉంటుంది, అది చూసి పోల్చుకోండి. ఖాళీగా ఉన్నప్పుడే గది కంటే పాతిక, ముప్పై ఎక్కువ ఉండి, పని పెట్టగానే అర నిమిషంలో హద్దుకి తగిలి వేగం కుప్పకూలితే మాత్రం కూలర్ సరిగ్గా కూర్చోలేదని గట్టిగా అనుమానించాలి.

కొత్త సిస్టం తీసుకునేటప్పుడు షాపులోనే, క్యాబినెట్ తలుపులు మూయించి, సినీబెంచ్ పది నిమిషాలు నడిపించమనండి. అంతసేపు కుదరదంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఈ ఏడాది ఇటువైపు ఎక్కడైనా విడిగా కూలర్ వేయించుకున్నవాళ్ళు ఈ రాత్రే ఒకసారి చూసి, గది వేడి, ఖాళీగా ఉన్న వేడి, పదో నిమిషంలో వేడి, అప్పటి వేగం, ప్రాసెసర్ పేరు ఇక్కడ రాయండి. నేనూ ఆ కుర్రాడూ చూసి చెప్తాం.