సంగీత కళాశాల తరగతికి ఎలక్ట్రానిక్ తంబూరా: కొట్లో మోగేది వేరు, గదిలో నిలిచేది వేరు

ఇంట్లో ఒక్కరు కూర్చుని సాధన చేసుకోవడానికి చక్కగా పనికొచ్చే ఎలక్ట్రానిక్ తంబూరా, పదిహేనుమంది కూర్చున్న తరగతి గదికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. కొట్లో ఏ పెట్టె మోగించినా కమ్మగానే ఉంటుంది. అక్కడ పాడేవాళ్లు లేరు, మూడు ఫ్యాన్ల రొద లేదు, పక్క గదిలో మృదంగం క్లాసు లేదు. సర్టిఫికెట్, డిప్లొమా విద్యార్థులకు గాత్రం చెప్పే గదిలో రోజుకు ఐదారు గంటలు మోగాల్సిన పెట్టెను వేరే లెక్కన చూడాలి. ఈ సమీక్ష ఆ లెక్కనే: ఎలక్ట్రానిక్ పెట్టెలు, వాటికి పోటీగా వచ్చిన ఫోన్ యాప్‌లు, మూలన గుడ్డ కప్పుకుని ఉన్న అసలు తంబూరా.

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన నాటి నుంచి ఆరు దశాబ్దాల పాటు తరగతికి తంబూరా, తిత్తి శ్రుతిపెట్టె తప్ప వేరే ఆధారం లేదు. వేణువు వాయించే ఇంజనీరు జి. రాజ్‌నారాయణ్ బెంగళూరులో 1979లో ఎలక్ట్రానిక్ తంబూరా తయారుచేశారు. ఆయన పెట్టిన రాడెల్ కంపెనీ పేరు ఇప్పుడు చాలామంది నోట ఆ వస్తువుకే పేరైపోయింది. ఏ కంపెనీ పెట్టె అయినా మీటలు దాదాపు అవే: శ్రుతి, సన్నపు సవరింపు, మీటు వేగం (తీగలు ఎంత త్వరగా మీటాలన్నది), మొదటి తీగ పంచమమా (పా) మధ్యమమా (మా) అన్నది, శబ్దం. రకాన్ని బట్టి ధర నాలుగైదు వేల నుంచి పదివేలు దాటేదాకా ఉంటుంది. ఎక్కువ డబ్బు పెట్టి తాళం, లెహరా (తబలాకు తోడుగా తిరిగి తిరిగి వచ్చే స్వరవరస), వందరకాల ధ్వనులు కలిపి కొనడం తరగతికి దండగ. ఆ డబ్బు స్పీకరు మీద పెట్టండి.

స్పీకరు గొడవ ఇదీ. పాటకు ఆధారమైన షడ్జం (సా) ఎత్తును శ్రుతి అంటారు, అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది. మగవాళ్లు ఒకటో శ్రుతిలో పాడితే మధ్యస్థాయి షడ్జం 130.8 హెర్ట్జ్, తంబూరాలో అన్నిటికన్నా కింది స్వరం పలికే మందర తీగ దాని సగం, అంటే 65 హెర్ట్జ్ దగ్గర. అరచేతిలో పట్టే స్పీకరు ఆ 65ను పలికించలేదు. దాని పై అనుస్వరాలు (ఆ స్వరంతో పాటే పుట్టే రెండింతలు, మూడింతల ధ్వనులు) మాత్రం పలుకుతాయి, మిగిలింది చెవి కల్పించుకుంటుంది. ఒక్కరే దగ్గర కూర్చుంటే ఈ కల్పన సరిపోతుంది. పదిహేను గొంతులు లేచేసరికి ఆ పై అనుస్వరాలు గొంతుల్లో కలిసిపోయి, పెట్టె మోగుతోందో లేదో కూడా తెలియదు. అప్పుడు అందరూ చేసేది వాల్యూమ్ పెంచడం. చిన్న స్పీకరు పూర్తి వాల్యూమ్‌లో గరగరమంటుంది, ఆ గరగరను దాటించడానికి పిల్లలు ఇంకాస్త గట్టిగా పాడతారు. గొంతులు బిగుసుకుపోవడానికి సగం కారణం ఇదే. కాబట్టి ఆడియో అవుట్ రంధ్రం ఉన్న పెట్టె కొని, గదిలో ఉన్న మామూలు ఆంప్లిఫయరుకు కలపండి. పెట్టెను గురువు ముందు బల్ల మీద పెట్టడం ఆనవాయితీ. స్పీకరు మాత్రం పిల్లల వెనక, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉండాలి. ఎంత శబ్దం అంటే, పాడేవాళ్లు ఊపిరి తీసుకున్నప్పుడు వినబడాలి, పాడుతున్నప్పుడు గొంతు కింద మునిగి ఉండాలి.

అడాప్టరు విషయంలో ఒక చిత్రమైన చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాసిరకం అడాప్టరు నుంచి వచ్చే గుంయ్‌మనే శబ్దం 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆడవాళ్ల ఐదో శ్రుతిలో మధ్యస్థాయి షడ్జం 196, మందర తీగ 98. ఈ 98, ఆ 100 కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. పెట్టెకు శ్రుతి తప్పిందని సన్నపు మీట ఎంత తిప్పినా ఆ ఊగుడు పూర్తిగా పోదు. ప్లగ్ పీకి బ్యాటరీ మీద మోగించి చూడండి. ఊగుడు ఆగిందంటే దోషం అడాప్టరుది. కంపెనీ ఇచ్చిన అడాప్టరు పోయాక బజార్లో ఏదో ఒకటి తెచ్చి పెట్టిన చోట్ల ఇది మామూలే.

కొట్లో పరీక్ష ఎలా చేయాలంటే, ఐదో శ్రుతి పెట్టి, మొదటి తీగ పంచమానికి తిప్పి, వేగం బాగా తగ్గించి ఒక నిమిషం ఊరికే వినాలి. షడ్జ పంచమాలు నిక్కచ్చిగా 3:2 నిష్పత్తిలో ఉంటే ధ్వని నూనెధారలా నిలకడగా సాగుతుంది. కీబోర్డు లెక్కలో పంచమం పెట్టిన పెట్టెలో అది రెండు సెంట్లు తక్కువ (అర శ్రుతిలో నూరో వంతు ఒక సెంటు). వినడానికి ఏమీ కాదనిపిస్తుంది, కానీ షడ్జపు మూడో అనుస్వరం 588, పంచమపు నాలుగోది 587.3 అయి, మూడు సెకన్లకు రెండుసార్లు పల్చని అల కనబడుతుంది. తర్వాత మందర తీగ మీద చెవి పెట్టండి. మంచి నాదంలో ఎవరూ మీటని అంతరగాంధారం (శంకరాభరణంలో వచ్చే గా) దానంతట అదే పలకాలి. అది వినబడని పెట్టె గదిలో శంకరాభరణం చెప్పేవాళ్లకు పెద్ద సాయం చేయదు. చివరగా పావుగంట మోగనిచ్చి ట్యూనర్‌తో మళ్లీ చూడండి. తిప్పుడు మీటల పాత పెట్టెలు వేడెక్కేకొద్దీ జరుగుతాయి, డిజిటల్ పెట్టెల్లో ఆ బాధ లేదు. పాతవి వాడుతున్నవాళ్లు పాఠానికి పది నిమిషాల ముందే మీట వేసి ఉంచడం మేలు.

ఇక ఏ శ్రుతి పెట్టాలన్నది పెట్టె తేల్చేది కాదు, అయినా గొడవంతా అక్కడే. పెట్టెలో పన్నెండు శ్రుతులూ ఉంటాయి, తరగతిలో మాత్రం ఎప్పుడూ ఒక్కటే మోగుతుంది, అదీ గురువు గారిది. ఆడపిల్లలకు నాలుగున్నర నుంచి ఐదున్నర, మగవాళ్లకు ఒకటి నుంచి రెండు నప్పుతుంది. ఇద్దరినీ కలిపి మూడో శ్రుతిలో పాడిస్తే ఆడపిల్లలకు మంద్ర (కింది స్థాయి) పంచమం గాలి అయిపోతుంది, మగపిల్లలు తారస్థాయి (పై స్థాయి) మధ్యమం దగ్గర అరుస్తారు. ఎవరి శ్రుతి ఏదో తేల్చడానికి పాత పద్ధతే మంచిది: మంద్ర పంచమం వినబడేలా పలకాలి, తార పంచమం బిగించకుండా అందాలి. రెంటిలో ఒకటి అందకపోతే అర శ్రుతి అటో ఇటో జరపాలి. బ్యాచీలు గొంతుల ప్రకారం విడగొట్టండి, సంవత్సరం ప్రకారం కాదు. గొంతు మారే వయసు మగపిల్లలకు మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి.

మీటు వేగం గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ లయను పాడుచేసేది అదే. అసలు తంబూరాలో ఒక తీగ నాదం తర్వాతి తీగలోకి జారి కలిసిపోతుంది, మీటు వినబడదు. పెట్టెలో ప్రతి మీటూ టక్కున వినబడుతుంది. అట తాళ వర్ణం (సాధనకు నేర్పే రచన) విలంబంలో, అంటే నిదానంగా, పాడే పిల్ల తెలియకుండానే తన 14 అక్షరాలను ఆ టక్కులకు కట్టేస్తుంది. కచేరీ వేదిక మీద వేరే తంబూరా వేగం ఎదురయ్యేసరికి తాళం జారుతుంది. నాలుగు మీట్లు తిరిగి రావడానికి కనీసం ఐదు సెకన్లు పట్టేలా తగ్గించండి. శ్రుతిపెట్టె తరహాలో ఆగకుండా సాగే ధ్వని ఉంటే వర్ణాలకు అదే పెట్టండి.

పున్నాగవరాళి, నాదనామక్రియ, నవరోజు లాంటి రాగాలకు మధ్యమ శ్రుతి కావాలి. అప్పుడు మొదటి తీగ మీటను పంచమం నుంచి మధ్యమానికి తిప్పాలి, పాడేవాళ్లు ఆ మధ్యమాన్నే షడ్జంగా పట్టుకోవాలి. ఐదో శ్రుతి వాళ్లకు అది ఒకటో శ్రుతి షడ్జం అవుతుంది. విద్యార్థులు తరచూ చేసే పని, శ్రుతి మీటను ఏకంగా ఒకటికి తిప్పడం. స్వరాలు రెండూ అవే కదా అంటారు. అవే, కానీ తూకం తలకిందులవుతుంది. మధ్యమ శ్రుతిలో ఆ కొత్త షడ్జం ఒక తీగ మీద, దాని పంచమం మూడు తీగల మీద మోగుతాయి. ఒకటికి తిప్పితే సరిగ్గా ఎదురు. నాదనామక్రియ ఆ మొదటి తూకంలోనే నిలబడుతుంది.

ప్రాక్టికల్ పరీక్షల రోజు ఇంకో సంగతి. మృదంగం కుడి మూత షడ్జానికి కలవాలి, ఉన్న వాద్యాన్ని రాయితో కొట్టి పెంచినా తగ్గించినా అర శ్రుతికి మించి జరపడం కష్టం. వరసగా ఒక అమ్మాయి ఐదు, తర్వాతి అబ్బాయి ఒకటిన్నర అంటే మృదంగం మార్చడమే. అభ్యర్థులను శ్రుతుల వారీగా పిలిచే పరీక్షాధికారికి వంద దండాలు. మృదంగం కాస్త దిగి ఉండి సవరించే వ్యవధి లేకపోతే, సన్నపు మీటతో పెట్టెనే ఐదారు సెంట్లు దించడం తప్పు కాదు, పాట మొదలుకాకముందు మాత్రమే.

ఫోన్ యాప్ సంగతి: చాలావాటిలో ధ్వని నిజం తంబూరా రికార్డు కాబట్టి చాలా పెట్టెల కన్నా బాగుంటుంది, ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. తరగతికి నమ్మదగ్గది కాదు. ఆలాపన మధ్యలో ఫోన్ మోగుతుంది, వీడియోలో పెట్టుకుంటే ప్రకటన వస్తుంది, కొన్ని యాప్‌లలో ధ్వని మళ్లీ మొదటికి వచ్చే చోట చిన్న గతుకు ఉంటుంది. తప్పదంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైరుతో ఆంప్లిఫయరుకు కలపాలి.

పెట్టె ఎంత మంచిదైనా, దాన్ని ఆపడం పాఠంలో భాగం కావాలి. ముందు ఐదు నిమిషాలు సా, పా, పై సా అకారంలో ("ఆ" అంటూ) నిలపడం. తర్వాత సరళీ వరుసలు మూడు కాలాలు. తర్వాత వర్ణం పల్లవి, అనుపల్లవి మొదలుపెట్టించి పెట్టె కట్టేయాలి. ముక్తాయి స్వరం (అనుపల్లవి తర్వాతి స్వరభాగం) అయ్యాక మళ్లీ వేయాలి. ఎంత జారారో గదిలో అందరికీ తెలుస్తుంది, ట్యూనర్‌లో అంకె కూడా చూపించొచ్చు. అర శ్రుతి అంటే 100 సెంట్లు, 20 జారితే పక్కనున్న వయొలిన్ ఇబ్బంది పడుతుంది. నిదానంగా పాడితే దిగడం, కాలం పెరిగితే ఎక్కడం తరచూ కనబడే ధోరణి. డిప్లొమా వాళ్లకైతే పెట్టె కన్నా ముందు తంజావూరు పనసకర్ర తంబూరా ఇవ్వాలి. సారణి, అనుసారణి (నడిమి రెండు తీగలు) కలిపి, గుర్రం (తీగల కింది బ్రిడ్జి) మీద దారం జరిపి జీవా (రింగుమనే నిండు నాదం) తెప్పించడానికి మొదట్లో అరగంట పడుతుంది, రెండు నెలల్లో పది నిమిషాలకు దిగుతుంది. ఈ చెవి పెట్టె మీట తిప్పినవాళ్లకు రాదు. ఎలక్ట్రానిక్ తంబూరా మీద అతిపెద్ద ఫిర్యాదు దాని ధ్వని గురించి కాదు, ఇది.

పాడయ్యే తీరు చెప్పుకోవాలంటే, ముందు పోయేది అడాప్టరు పిన్ను దూర్చే రంధ్రం. రోజూ పీకి పెట్టకుండా వైరును పెట్టె వెనక టేపుతో బిగించి స్విచ్ దగ్గరే ఆపండి. మీట తిప్పితే చిటపటమంటే లోపల దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది. వేసవి సెలవులకు తాళం వేసే ముందు బ్యాటరీ సెల్లులు తీసి బయట పెట్టండి. జూన్‌లో తెరిచేసరికి అవి కారి స్ప్రింగులు తుప్పుపట్టాయంటే బాగుచేసేవాళ్లు ఊళ్లో దొరకరు.