సెలైన్‌లో ఎంజైమా, నోట్లో క్యాప్సూలా?

"సూది లేకుండా మాత్ర ఉందంట కదరా, అది మనవాడికెందుకు రాయరు?" గుంటూరు బస్టాండులో హైదరాబాద్ రాత్రి బస్సు కోసం చూస్తూ మా అక్క అడిగింది. మేనల్లుడు ఆమె ఒళ్లో నిద్రపోతున్నాడు. తొమ్మిదేళ్లు, గౌచర్ వ్యాధి. మొదట్లో మా నాయనమ్మ పొట్ట తడిమి "బల్ల పెరిగింది" అంది. స్కాన్‌లో తేలింది కూడా అదే, ప్లీహం వాపు.

అక్కకు బెజవాడ కాలువలు గుర్తుచేశాను. కాలువ పూడిపోతే రెండే దారులు: పూడిక తీయించడం, లేదా పైనుంచి చెత్త పడకుండా చూడటం. మన కణాల్లో లైసోజోమ్‌లు చెత్తను అరగదీస్తుంటాయి. గౌచర్‌లో ఒక రకం కొవ్వును విరగ్గొట్టే ఎంజైమ్ సరిగా పనిచేయదు. ఆ కొవ్వు ప్లీహంలో, కాలేయంలో, ఎముక మూలుగలో పేరుకుంటుంది. సెలైన్‌లో ఎక్కించే ఎంజైమ్ పూడిక తీస్తుంది. క్యాప్సూల్ కొవ్వు తయారీనే తగ్గిస్తుంది.

పూడిక తీసే దారి వేసింది అమెరికాలోని రాస్కో బ్రేడీ. లోపం ఏ ఎంజైమ్‌లో ఉందో 1960ల మధ్యలోనే పట్టుకున్నాడు. మందు రావడానికి మాత్రం 1991 దాకా పట్టింది. కాన్పు తర్వాత బయటపడే మాయ (ప్లాసెంటా) నుంచి ఎంజైమ్‌ను వేరుచేసి ఎక్కిస్తే, కొవ్వు పేరుకున్న మాక్రోఫేజ్‌లకు, అంటే ఒంట్లో చెత్తను మింగే కణాలకు చేరాల్సింది కాస్తా ఎక్కువభాగం మామూలు కాలేయ కణాల్లోకి పోయేది. చిరునామా తప్పిన పార్శిల్ అన్నమాట. చివరికి ఎంజైమ్‌కు అతుక్కుని ఉండే చక్కెర గొలుసుల కొసలు కత్తిరించి, మ్యానోజ్ అనే చక్కెర బయటికి కనిపించేలా చేశారు. మాక్రోఫేజ్‌లు దాన్నే గుర్తుపట్టి లోపలికి లాక్కుంటాయి. ఈ ఒక్క కత్తిరింపే లేకపోతే మా బస్సు ప్రయాణాలకు అర్థమే లేదు. 1994 నుంచి మాయలతో పనిలేకుండా, ల్యాబ్‌లో పెంచిన కణాలతో తయారుచేసే మందు కూడా వచ్చింది.

పదిహేను రోజులకోసారి జరిగేది ఇది. ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్‌లో పొడి ఉంటుంది. నర్సమ్మ నీళ్లు కలిపి, వయల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతుంది. గట్టిగా ఊపితే ప్రొటీన్ చెడుతుందట. తర్వాత సెలైన్‌లో కలిపి గంటా రెండు గంటలు ఎక్కిస్తారు. మావాడికి నరం దొరకడమే పెద్ద టెన్షన్. కానీ పొట్ట తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, బడికి పోతున్నాడు.

క్యాప్సూల్ సుఖం ముందు ఇదంతా నరకమే, ఒప్పుకుంటాను. ఆ క్యాప్సూల్ పేరు ఎలిగ్లుస్టాట్. దానికి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ గౌచర్‌లో టైప్ 1 అనే రకం ఉన్న పెద్దవాళ్లకు. కాలేయం మందును ఎంత వేగంగా అరగదీస్తుందో జన్యు పరీక్ష చేశాకే డోసు చెబుతారు. కొన్ని గుండె మందులతో పొసగదు, గ్రేప్‌ఫ్రూట్ రసం తాగకూడదు. అంతకుముందు వచ్చిన ఇలాంటి క్యాప్సూలే మిగ్లుస్టాట్, దాంతో విరేచనాలు, చేతుల వణుకు. పెద్దవాళ్లలో, అన్ని పరీక్షలూ కుదిరితే, నా ఓటు ఎలిగ్లుస్టాట్‌కే. ఉద్యోగం చేసుకునే మనిషి నెలకు రెండుసార్లు ఆసుపత్రి మంచం ఎందుకెక్కాలి? ఎదిగే పిల్లాడికి మాత్రం ఎంజైమే.

మెదడు దగ్గర లెక్క మారిపోతుంది. గౌచర్ టైప్ 2, టైప్ 3లో మెదడూ దెబ్బతింటుంది. రక్తంలోకి ఎక్కించిన ఎంజైమ్ అక్కడిదాకా వెళ్లదు. ఎలిగ్లుస్టాట్‌నూ మెదడు బయటికే నెట్టేస్తుంది. హర్లర్ అనే మరో లైసోజోమ్ జబ్బులో అందుకే పసితనంలోనే, రెండు రెండున్నరేళ్లలోపు, మూలుగ మార్పిడికి వెళతారు. దాత కణాలు మెదడులో చేరి అక్కడే ఎంజైమ్ తయారుచేస్తాయి. ప్రాణాపాయం ఉన్న పనే, అయినా అక్కడ ఆగి ఆలోచించే టైం ఉండదు. మాది టైప్ 1 అని రిపోర్టులో చూసిన రోజు అక్క ఏడ్చింది, సంతోషంతోనే.

ఇక డబ్బు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద, గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల దాకా సాయం ఉంది. ఎంజైమ్ జీవితాంతం కావాలి, డోసేమో బరువును బట్టి. కిలోకు 60 యూనిట్ల చొప్పున 20 కిలోలకు 400 యూనిట్ల వయల్స్ మూడు సరిపోయాయి. పోయిన నెల తూకంలో 26 వచ్చింది. "బాగా ఒళ్లు చేశాడే" అంటూ నర్సమ్మ నాలుగో వయల్ తీసింది. అక్క నవ్వబోయి నా వంక చూసింది.